7/జి బృందావన్ కాలనీ ఆర్ఆర్ నిజంగా పాతికేళ్ళ కుర్రాడు చేసిందేనా?

చిక్కడపల్లి_శ్రీను
నిన్న రాత్రి 7/జి బృందావన్ కాలనీ రీరిలీజ్‌కి వెళ్ళొచ్చాను. 2004లో సినిమా వచ్చినప్పుడు నేను ఏడో క్లాసు, ఇంట్లో పంపలేదు. ఆ తర్వాత టీవీలో ముక్కలు ముక్కలుగా చూడటమే. ఈసారైనా పెద్ద తెర మీద, పెద్ద స్పీకర్లలో ఆ బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, అదే ఆర్ఆర్, విందామని టికెట్ కొన్నాను. ఒక్క ముక్క వినపడితే ఒట్టు. పాటలప్పుడు హాలంతా పాడారు, అది బాగుంది, నేనూ గొంతు కలిపాను. కానీ కొడుక్కి ఉద్యోగం వచ్చిందని చంద్రమోహన్ గారు రాత్రిపూట భార్య దగ్గర పొంగిపోయే సీన్ ఉంది కదా, అక్కడ కూడా ఈలలు, ఫోన్ లైట్లు. నా వెనక సీట్లో కుర్రాడు డైలాగులన్నీ ముందే చెప్పేస్తున్నాడు. ఏడుపొచ్చింది, సీన్‌కి కాదు, వినపడనందుకు.

ఇంటికొచ్చాక నిద్ర పట్టక ఈ సినిమా సంగీత దర్శకుడు యువన్ శంకర్ రాజా పుట్టినరోజు చూశాను. 1979 ఆగస్టు 31. అంటే ఈ సినిమా నాటికి పాతికేళ్ళు. రెండు విషయాలు అడగాలని ఉంది. అంత చిన్న వయసులో ఇదంతా ఒక్కడే చేశాడా, వెనకాల పెద్దవాళ్ళ చెయ్యి ఉందా? పాటలు పక్కన పెట్టి ఆ ఆర్ఆర్ ఒక్కటే అర్థం చేసుకోవాలంటే ఎలా వినాలి?

సెకండ్‌షో_సుబ్బు
రీరిలీజ్ అంటే జాతర తమ్ముడూ. జాతరకి వెళ్ళి ప్రశాంతంగా లేదంటే ఎలా? ఆర్ఆర్ వినాలంటే ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకో.

బెజవాడ_బాలు
సుబ్బన్నా, పాటల వరకు జాతర ఒప్పుకుంటా. తండ్రి సీన్‌లో ఈల వేసేవాడిని మాత్రం నేను క్షమించలేను. మా థియేటర్లో కూడా అదే గోల.

రాజా_భక్తుడు
పెద్దవాళ్ళ చెయ్యి ఏంటండీ, రక్తంలోనే ఉంది. ఇళయరాజా గారి అబ్బాయి. అన్న కార్తీక్ రాజా, అక్క భవతారిణి, అందరూ సంగీతమే. ఇంట్లో పొద్దున లేస్తే హార్మోనియం. ఆ ఇంట్లో పెరిగినవాడు పాతికేళ్ళకి ఆర్ఆర్ చేయడం వింత కాదు, చేయకపోతే వింత.

ముక్కుసూటి_మూర్తి
అదే నేనూ అంటున్నా. ఆ ఇంట్లో పుట్టకపోతే 16 ఏళ్ళ పిల్లాడికి సినిమా ఎవరిస్తారు? మన ఊళ్ళో కీబోర్డ్ వాయించే కుర్రాళ్ళు యాభై ఏళ్ళు వచ్చినా ఆర్కెస్ట్రాల్లోనే ఉండిపోతున్నారు.

నెల్లూరు_క్యాసెట్
మూర్తి గారూ, మొదటి అవకాశం వరకు మీ మాట నిజమే. కానీ ఆ 16 ఏళ్ళ పిల్లాడికి తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. నిర్మాత టి. శివ తన ‘అరవిందన్’ సినిమాకి ముందు ట్రైలర్ మ్యూజిక్ మాత్రమే చేయమన్నారు. అది నచ్చి సినిమా మొత్తం అప్పగించారు. 1997లో వచ్చింది. ఆడలేదు. 1998లో ‘వేలై’, ‘కల్యాణ గలాట్టా’ వచ్చాయి. అవీ ఆడలేదు. వరసగా మూడు. ఇంటిపేరు ఒక సినిమా ఇప్పిస్తుంది, మూడు పోయాక ఇంకోటి ఇప్పించడం అంత తేలిక కాదు. 1999లో సూర్య, జ్యోతిక చేసిన ‘పూవెల్లాం కేట్టుప్పార్’ పాటలు హిట్టయ్యాకే కుర్రాడు నిలబడ్డాడు. అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు.

ముక్కుసూటి_మూర్తి
మూడు ఫ్లాపుల తర్వాత కూడా నాలుగోది వచ్చిందంటే అది ఇంటిపేరు కాదా? మామూలు వాడికి ఒక్క ఫ్లాపు చాలు, మూట సర్దుకోవాలి.

నెల్లూరు_క్యాసెట్
సరే, నాలుగోది కూడా మీ ఖాతాలోనే వేసుకోండి. 2003, 2004లో చేసిన పని మాత్రం ఇవ్వను.

ఫ్రిస్కో_ఫణి
పైలట్ అవుదామనుకున్నాడంట కదా చిన్నప్పుడు.

బెజవాడ_బాలు
అయ్యుంటే మన గుండెలకి ఇంత టెన్షన్ ఉండేది కాదు.

కోడంబాక్కం_కీస్
శ్రీను గారి రెండో ప్రశ్నకి నాకు తెలిసింది చెప్తాను. మాది ఒంగోలు దగ్గర. పదిహేడేళ్ళుగా చెన్నైలో ఆర్ఆర్ సెషన్లకి కీబోర్డ్ వాయిస్తున్నా. ఈ సినిమాకి నేను పనిచేయలేదు, అప్పటికి నేను ఇంకా కాలేజీలోనే ఉన్నా. పని ఎలా జరుగుతుందో మాత్రం రోజూ చూసేదే.

ఆర్ఆర్ అంటే రీరికార్డింగ్. షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అన్నీ అయ్యాక చివర్లో వచ్చే పని. అప్పటికే రిలీజ్ డేట్ పోస్టర్ మీద ఉంటుంది. అందరూ తిన్న టైమంతా మ్యూజిక్ డైరెక్టర్ దగ్గర వసూలు చేస్తారు. ఫిల్మ్ రోజుల్లో రీళ్ళ లెక్క. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు, దాదాపు పద్నాలుగు రీళ్ళు. రీలు తర్వాత రీలు చూస్తూ, ఏ మాట దగ్గర సంగీతం మొదలవ్వాలి, ఏ మాట దగ్గర ఆగాలి అని రాసుకుంటారు.

ఇక లెక్క. సెకనుకి 24 ఫ్రేములు. టెంపో 60 పెడితే, అంటే నిమిషానికి 60 బీట్లు, ఒక్కో బీటుకి 24 ఫ్రేములు. 72 పెడితే 20. 120 పెడితే 12. హీరోయిన్ తలుపు తీసి అలా చూసే చూపు పది సెకన్లు ఉందనుకోండి. 72లో సరిగ్గా పన్నెండు బీట్లు, నాలుగేసి చొప్పున మూడు బార్లు. ఆ మూడు బార్లలోనే అంతా చెప్పాలి. ఎడిటర్ రాత్రికి రాత్రి ఒక్క సెకను కోసేస్తే మూడో బారు చివర మెలోడీ గాల్లో వేలాడుతుంది. మళ్ళీ మొదటికి. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బీటు తెలిపే ఆ క్లిక్ వింటూ వాయించేవాళ్ళకి రాత్రి కలలో కూడా టిక్ టిక్ అనే వినపడుతుంది.

ఇళయరాజా గారు రీలు చూసి నేరుగా కాగితం మీద నొటేషన్ రాసేసేవారు. వయొలిన్లకి వేరు, ఫ్లూట్‌కి వేరు, బేస్‌కి వేరు. అలా రాయగలిగినవాళ్ళు దేశంలో ఎంతమంది? యువన్ తరం వాళ్ళది వేరే దారి. ముందు కీబోర్డ్ మీద, కంప్యూటర్‌లో చేసుకుంటారు. డైరెక్టర్‌కి అక్కడే వినిపిస్తారు. బాగుంటే కావాల్సిన చోట అసలు వాద్యాలు పెడతారు. తండ్రి చెయ్యి ఉందా అని అడిగేవాళ్ళు ఈ రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి వినండి. అది వేరే చెయ్యి.

వీణ_నేర్చుకుంటున్నా
ఈ 72, 20 ఫ్రేముల లెక్క ఇన్నాళ్ళూ ఎవరూ ఇలా చెప్పలేదండీ. పుస్తకంలో రాసుకున్నా. ఒక సందేహం. మాటలు ఉన్న సీన్‌లో సంగీతం ఏ స్థాయిలో ఉండాలి? గొంతుకి అడ్డం రాకుండా ఎలా చూస్తారు?

కోడంబాక్కం_కీస్
సౌండ్ తగ్గించడం ఒక్కటే కాదమ్మా. మగవాళ్ళ గొంతు ఉండే స్థాయిలో వాద్యం పెట్టకూడదు. చెల్లో, గొంతు ఒకే చోట పడితే రెండూ బురదగా వినపడతాయి. గొంతు కింద ఉంటే మెలోడీని పైకి తీసుకెళ్ళాలి, లేదా మాటకీ మాటకీ మధ్య ఖాళీలో పెట్టాలి. అసలు మంచి ఆర్ఆర్‌లో సగం పని ఎక్కడ వాయించకూడదో తెలుసుకోవడమే. కొత్తవాళ్ళకి అదే చేతకాదు. భయం. ఖాళీ కనపడితే నింపేస్తారు.

ముక్కుసూటి_మూర్తి
మరి మీరు చెప్పిన కొలతతోనే చూద్దాం కీస్ గారూ. 7/జి సెకండాఫ్‌లో ఖాళీ ఎక్కడుంది? హీరోయిన్ చనిపోయాక వయొలిన్లు వాయించడం ఆపరు. నాకు ఏడుపొస్తే నేను ఏడుస్తా, ‘ఇప్పుడు ఏడవండి’ అని చెప్పక్కర్లేదు. ‘రోజా’ వినండి. రెహమాన్‌కి కూడా అప్పుడు పాతికేళ్ళే, 1992. మొదటి సినిమాకే నేషనల్ అవార్డు. అందులో ఎక్కడైనా ఇలా మీద పడి ఏడిపించాడా?

రాజా_భక్తుడు
రెహమాన్ మొదటి సినిమా కావచ్చు, మొదటి రోజు కాదు మూర్తి గారూ. అంతకుముందు మా రాజా గారి దగ్గర కీబోర్డ్, మన రమేష్ నాయుడు గారి దగ్గర, రాజ్-కోటి దగ్గర పనిచేసి, యాడ్స్ చేసి వచ్చాడు. సెషన్లు చూసిన అనుభవం ఏళ్ళ తరబడి ఉంది. దాన్ని దీన్ని పోల్చడం అన్యాయం.

ముక్కుసూటి_మూర్తి
అనుభవం ఎలా వచ్చినా వినేవాడికి వినపడేది సంగీతమే.

సెకండ్‌షో_సుబ్బు
మూర్తి గారూ, మీరు 7/జి థియేటర్లో చూసినప్పుడు ఏడవలేదా? నిజం చెప్పండి.

ముక్కుసూటి_మూర్తి
ఏడ్చాను. అందుకే కోపం.

నెల్లూరు_క్యాసెట్
హహ. మూర్తి గారు ఓడిపోయినట్టే.

నా సంగతి చెప్తాను. 2004లో డిగ్రీ రెండో సంవత్సరం, నెల్లూరు. ఆడియో క్యాసెట్ కొన్నాను. అందులో పాటలున్నాయి, మాటల్లేని థీమ్ ఒకటి ఉంది. కానీ సినిమాలో నన్ను పట్టుకున్నవి చిన్న చిన్న ముక్కలు. అవి క్యాసెట్‌లో లేవు. ఏం చేశానంటే, వీసీడీ అద్దెకి తెచ్చి, టీవీ ముందు టేప్‌రికార్డర్ పెట్టి, ఖాళీ క్యాసెట్‌లో రికార్డ్ నొక్కి ఊపిరి బిగబట్టి కూర్చున్నా. ఫ్యాన్ ఆపేశా. తలుపులు వేశా. ట్యూన్ మొదలైంది. సరిగ్గా అప్పుడే వంటింట్లో కుక్కర్ మూడు విజిల్స్. వెంటనే మా అమ్మ ‘పప్పు దించరా’ అని కేక. వీసీడీ సాయంత్రంలోగా ఇచ్చేయాలి, మళ్ళీ తీసే టైం లేదు. ఆ క్యాసెట్టే రెండేళ్ళు విన్నాను. ఇప్పుడు శుభ్రమైన రికార్డింగ్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. అయినా ఆ చోటికి రాగానే నా చెవులు విజిల్ కోసం చూస్తాయి. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ క్యాసెట్ ఇంకా బీరువాలో ఉంది.

వీణ_నేర్చుకుంటున్నా
దాన్ని డిజిటల్ చేయించండి అన్నా, ముందు ఆ పని చేయండి. టేపు పాడైపోతుంది.

బెజవాడ_బాలు
ఇది చదివాక కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

ఫ్రిస్కో_ఫణి
మా హాస్టల్లో 2005లో ముప్పైమందికి ఒకటే రింగ్‌టోన్. ‘తలచి తలచి చూస్తే’. ఎవరి ఫోన్ మోగినా అందరూ జేబులు తడుముకోవడమే. శ్రేయా ఘోషల్ పాడిందని కూడా తెలియదు అప్పుడు, ఆ టింగు టింగు అనే నోకియా మోత ఒక్కటే తెలుసు. అమ్మాయిల హాస్టల్ నుంచి మిస్డ్ కాల్ వస్తే ఎవరికొచ్చిందో తేలేలోపే పోయేది.

షార్ట్‌ఫిల్మ్_సంతు
నెల్లూరు అన్న చెప్పిన ‘చిన్న చిన్న ముక్కలు’ అన్నదే అసలు పాయింట్ అనుకుంటున్నా. నేను గమనించింది: ఈ సినిమాలో పాట ట్యూన్‌నే మాటలు తీసేసి సీన్లలో వాడతాడు. పాటగా విన్నప్పుడు అది ప్రేమ. అదే ట్యూన్ ఆ అమ్మాయి లేని ఇంట్లో వినపడితే మనకి తెలియకుండానే ఆ పాట మాటలన్నీ లోపల తిరుగుతాయి. కొత్త ట్యూన్ పెట్టి ఏడిపించాలంటే కష్టం. మనకి ముందే తెలిసిన ట్యూన్‌కి ఆ శక్తి ఉంటుంది.

మూర్తి గారు అన్న ‘మీద పడటం’ నాకు అలా అనిపించలేదు. ఆ హీరోకి ఆమె ఇంకా పక్కనే నడుస్తున్నట్టు ఉంటుంది కదా. ఆ ట్యూన్ ఆపేస్తే ఆమె నిజంగా పోయినట్టే. ఆపకపోవడమే కథ.

ముక్కుసూటి_మూర్తి
ఇది... సరే. ఇలా ఆలోచించలేదు. కానీ సినిమా అంతా కాదు, చివరి భాగానికి మాత్రం ఒప్పుకుంటా.

కోడంబాక్కం_కీస్
సంతు బాగా పట్టాడు. ఇందులో ఇంకో సంగతి ఉంది. పాట ట్యూన్‌ని ఆర్ఆర్‌లో వాడటం యువన్ కనిపెట్టింది కాదు, మన సినిమాల్లో ఎప్పటి నుంచో ఉంది. తేడా ఏంటంటే, ‘కలలు కనే కాలాలు’ లాంటి పాటలోనే ఆర్ఆర్ గుణం ఉంది. ఉస్తాద్ సుల్తాన్ ఖాన్ గొంతు ఆ పాటలో ఎలా వస్తుందో వినండి. సారంగి పండితుడి గొంతు. ఆ గొంతు పాట చరణంలా రాదు, దూరంగా ఎవరో తలుచుకున్నట్టు వస్తుంది. పాట కట్టేటప్పుడే సీన్ కూడా తలలో ఉంటే తప్ప అది రాదు. పాతికేళ్ళ వాడికి ఇది తట్టడమే నాకు ఆశ్చర్యం. వాద్యాలు, లెక్క నేర్చుకోవచ్చు. ఇది ఎవరు నేర్పుతారు?

ఆ ఏడాది తమిళంలో ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సంగీత దర్శకుడు అవార్డు ఈ సినిమాకే వచ్చింది.

రాజా_భక్తుడు
నేర్పారు కీస్ గారూ, ఇంట్లోనే.

కోడంబాక్కం_కీస్
విన్నాడు అనండి, ఒప్పుకుంటా.

చిక్కడపల్లి_శ్రీను
ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు. అందరివీ రెండేసి సార్లు చదివాను. ఒకటి అడుగుతా. 7/జి కంటే ముందు దాని దర్శకుడు సెల్వరాఘవన్, యువన్ కలిసి చేసినవి మన తెలుగువాళ్ళు ఎందుకు మాట్లాడుకోరు?

నెల్లూరు_క్యాసెట్
ఎందుకంటే అవి మన దగ్గరికి వేరే రూపంలో వచ్చాయి. ‘కాదల్ కొండేన్’ 2003 జులైలో తమిళంలో వచ్చింది. ధనుష్‌కి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. మనం దాన్ని 2004లో ‘నేను’ పేరుతో రీమేక్ చేసుకున్నాం, అల్లరి నరేష్ హీరో, విద్యాసాగర్ సంగీతం. నరేష్ బాగా చేశాడు, ఆ మాట అనాల్సిందే. కానీ ఒరిజినల్ ఆర్ఆర్ మన థియేటర్లలో మోగనే లేదు. తమిళంలో ఆ సినిమా ఆర్ఆర్ గురించి మాట్లాడుకున్నంత పాటల గురించి కూడా మాట్లాడుకోలేదేమో. అదే 7/జికి వచ్చేసరికి ఎ.ఎం. రత్నం గారు రెండు భాషల్లోనూ చేశారు, తెలుగులో తండ్రి పాత్రకి చంద్రమోహన్ గారిని పెట్టారు, సంగీతం అలాగే వచ్చింది. అందుకే మన మనసుల్లో యువన్ కథ 7/జితో మొదలవుతుంది.

బెజవాడ_బాలు
నేను చదువుకునేటప్పుడు చెన్నైలో ఉన్నా, ‘కాదల్ కొండేన్’ అక్కడే చూశా. తమిళం సగం అర్థమయ్యేది. భాష రాకపోవడమే మంచిదైంది, మిగతా సగం సంగీతమే చెప్పింది. ఆ వినోద్ అనే కుర్రాడు జాలిగా కనిపిస్తున్నాడా, భయంగా కనిపిస్తున్నాడా అన్నది ముఖం చూసి తేల్చుకోలేం. సంగీతం ఒక్కోసారి ఒక్కో వైపు లాగుతుంది. థియేటర్ నుంచి బయటికొచ్చి మా ఫ్రెండు, నేను బస్టాప్ దాకా ఒక్క మాట మాట్లాడుకోలేదు. అప్పుడు ఆ సంగీత దర్శకుడి వయసు 23 అని తెలిసుంటే నిద్ర కూడా పట్టేది కాదు, నాకప్పుడు 22.

షార్ట్‌ఫిల్మ్_సంతు
దాని తర్వాత వచ్చిన ‘పుదుప్పేట్టై’ కూడా చూడాలి శ్రీను గారూ. 2006. దాని ఆర్ఆర్ థాయిలాండ్‌కి చెందిన చావ్‌ప్రాయా సింఫనీ ఆర్కెస్ట్రాతో చేయించారు. చెన్నై రౌడీ కథకి సింఫనీ ఏంటని మొదట అనుకున్నా. చూశాక అర్థమైంది. ఆ కుర్రాడు తనని తాను ఎంత పెద్దగా ఊహించుకుంటున్నాడో సంగీతం అంత పెద్దగా ఉంటుంది. గల్లీ చిన్నది, వాడి తలలో మోత పెద్దది. 2002లో ‘తుళ్ళువదో ఇళమై’, 2003లో ‘కాదల్ కొండేన్’, 2004లో 7/జి, 2006లో ఇది. 22 ఏళ్ళ నుంచి 26 ఏళ్ళ వరకు ఒక మనిషి చేసిన పని. నేను ఆ వయసులో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నా.

సెకండ్‌షో_సుబ్బు
మధ్యలో పాటలు రాసిన నా. ముత్తుకుమార్‌ని మర్చిపోకండి తమిళం వరకు. ఈ ముగ్గురూ కలిస్తేనే ఆ రంగు. ఆయన 2016లో పోయారు, 41 ఏళ్ళకే.

వీణ_నేర్చుకుంటున్నా
మనకి తెలుగులో ‘ఆడవారి మాటలకు అర్థాలే వేరులే’ కూడా వాళ్ళిద్దరిదే కదా, 2007. అందులో తండ్రీ కొడుకుల సీన్లు కూడా ఏడిపిస్తాయి. సెల్వరాఘవన్‌కి తండ్రి పాత్ర వస్తే యువన్ ఏదో చేస్తాడు.

బెజవాడ_బాలు
కోట గారు! ఆ సినిమాలో కోట గారిని తలుచుకుంటే చాలు.

షార్ట్‌ఫిల్మ్_సంతు
టాపిక్ పక్కకి పోకముందు కీస్ గారిని ఒకటి అడుగుతా. నా షార్ట్‌ఫిల్మ్ 18 నిమిషాలు. ఆర్ఆర్‌కి నా దగ్గర ఉన్న డబ్బుకి ఒక కీబోర్డ్, ఒక వయొలిన్ మాత్రమే వస్తాయి. ఒకతను సాఫ్ట్‌వేర్‌లో యాభై వయొలిన్లు పెడతానన్నాడు. మొన్న ఒకరిని నమ్మి అడ్వాన్స్ ఇస్తే మూడు నెలలు తిప్పి, వేరే సినిమా ముక్కలే అతికించి పంపాడు, అందుకని భయంగా ఉంది. ఏది మంచిది?

కోడంబాక్కం_కీస్
ఒక్క వయొలిన్. కళ్ళు మూసుకుని ఒక్క వయొలిన్. సాఫ్ట్‌వేర్ యాభై అందంగానే వినపడతాయి, కానీ విల్లు తీగ మీద మొదట తగిలే ఆ గరగర రాదు. మనిషి ఊపిరి అక్కడే ఉంటుంది. ముందు 18 నిమిషాలూ సంగీతం లేకుండా చూడు. నీకే చిరాకు వచ్చిన చోట్లు రాసుకో. నా అనుభవంలో అవి నాలుగైదు మించవు. అక్కడ మాత్రమే పెట్టు. ఒకే ట్యూన్ పెట్టు, మొదటిసారి కీబోర్డ్ మీద, చివరిసారి వయొలిన్ మీద. ఎడిట్ లాక్ అయ్యాకే, అంటే ఇక కోతలు లేవని తేలాకే, వయొలిన్ ఆయన్ని పిలువు, లేకపోతే నా మొదటి పోస్టులో మూడో పేరా మళ్ళీ చదువు. ఈ వారం చెన్నై వైపు వస్తే మెసేజ్ పెట్టు, మనవాళ్ళలో ఒకరున్నారు, కొత్తవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకోరు.

షార్ట్‌ఫిల్మ్_సంతు
చాలా చాలా థాంక్స్ అన్నా. మెసేజ్ పెట్టాను.

ముక్కుసూటి_మూర్తి
చూశారా కీస్ గారూ, మీరు కూడా ఒక్క వయొలిన్ అన్నారు. నేను మొదటి నుంచీ అదే మొత్తుకుంటున్నా.

కోడంబాక్కం_కీస్
షార్ట్‌ఫిల్మ్‌కి ఒక్కటి అన్నా మూర్తి గారూ. లారీ కింద పడిన ప్రేమకి యాభై కావాలి.

రాజా_భక్తుడు
శ్రీను ఏమైపోయాడు? ప్రశ్న అడిగి మాయమయ్యాడు.

చిక్కడపల్లి_శ్రీను
ఇక్కడే ఉన్నా. మీరందరూ చెప్పినట్టు ఆదివారం పొద్దున ఐదింటికి లేచి, ఇంట్లో అందరూ పడుకుని ఉండగా, హెడ్‌ఫోన్స్‌తో మొత్తం చూశాను. కీస్ గారు అన్నట్టు ఒక నోటుబుక్ పెట్టుకుని సంగీతం మొదలైన చోటల్లా టైం రాసుకుంటూ పోయా. మొదటి అరగంట బాగానే రాశా. తర్వాత రాయడం మర్చిపోయి చూస్తూ కూర్చున్నా. తండ్రి సీన్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పెన్ను తీశా.

రీరిలీజ్‌లో నేను విననిది అక్కడ దొరికింది. ఇన్నేళ్ళూ ఆ సీన్ మొత్తం సంగీతంతో నిండి ఉందని అనుకున్నా. నా చెవిలో ఉండిపోయింది అదే. ఇప్పుడు జాగ్రత్తగా వింటే ముందు నిలబడింది చంద్రమోహన్ గారి గొంతు. సంగీతం ఆయన వెనకాల నడిచింది. నేను అంతా సంగీతమే అనుకున్నది చాలావరకు ఆయన గొంతే. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నా.

మధ్యలో మా నాన్న లేచి వచ్చి, ఇంత పొద్దున్నే ఏంట్రా అని అడిగారు. ఒక పక్క హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవిలో పెట్టా. కాసేపు విని, ‘చంద్రమోహన్ బాగా చేశాడు’ అని, పాలు తేవడానికి వెళ్ళారు.

బెజవాడ_బాలు
నాన్న గారు కరెక్టుగా చెప్పారు.

చిక్కడపల్లి_శ్రీను
వచ్చే ఆదివారం ‘కాదల్ కొండేన్’. సబ్‌టైటిల్స్ పెట్టుకోనా, వద్దా?

బెజవాడ_బాలు
మొదటిసారి వద్దు.

నెల్లూరు_క్యాసెట్
వద్దు. కుక్కర్ కూడా పెట్టనివ్వకు.